మిరియం తప్ప మేమందరం కిండర్‌గార్టెన్

ఆ ఆదివారం మా అక్క ఇంట్లో ఉన్నవాళ్ళు: అక్క, బావ, బావ వాళ్ళ అమ్మ, పైఅంతస్తు పళ్ళ డాక్టరు, నేను. ఐదుగురం కలిసి ఒక మట్టి ఆపిల్‌పండు తయారు చేస్తున్నాం.

ఆరో మనిషి కూడా ఉంది లెండి. వయసు ఐదేళ్ళు. నిజానికి ఆపిల్‌పండు చెయ్యమని కిండర్‌గార్టెన్ వాళ్ళు చెప్పింది ఆ మనిషికే. అందుకే ఆమెను సోఫా మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోమన్నాం. ముట్టుకుంటే పాడైపోదూ?

ఇప్పుడు చెప్పండి. పెద్దవాళ్ళ చదువు కోసం ఈ లోకంలో వెలసిన సంస్థలన్నిటిలోకీ గొప్పది ఏది? యూనివర్సిటీయా? కాదు. కంప్యూటర్ కోర్సులా? అసలే కాదు. కిండర్‌గార్టెన్!

ఈ మాట ఊరికే అనడం లేదు. కాలేజీ చదువు కోసం మా ఊరి నుంచి అక్క ఇంటికి వచ్చి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో కాలేజీలో నేను నేర్చుకున్నది సగం నోట్‌బుక్‌కి సరిపోయింది. కిండర్‌గార్టెన్‌లో మా ఇంటిల్లిపాదీ నేర్చుకున్నదానికి అల్మారా చాలక, బట్టలు తీసి మంచం మీద పెట్టుకున్నాం!

నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకని కాగితం మీద అడుగుతున్నాను. ఇంత మేలు చేస్తున్న సంస్థను పట్టుకుని, "అంతంత పిల్లలకు ఇన్నేసి యాక్టివిటీలేమిటండీ, మా ప్రాణాలు తోడేస్తున్నారు" అని సణిగేవాళ్ళను ఏమనాలి?

ముందుగా మా ఇంటి విద్యార్థుల గురించి చెబుతాను.

బావ ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. కిండర్‌గార్టెన్ వాళ్ళు "మీ ఇల్లు గీయండి" అంటే, కిటికీల కొలతలతో సహా గీసి, ఉత్తరం ఎటువైపో బాణం గుర్తు కూడా పెట్టాడు. మెట్ల కింద ఖాళీ జాగా వృథా అవుతోందని, అక్కడ చిన్న స్టోర్‌రూమ్ కూడా చేర్చాడు.

అత్తయ్య, అంటే బావ వాళ్ళ అమ్మ, రిటైరైన హెడ్ నర్సు. మేఘాల బొమ్మకి దూది అంటించే పని ఆవిడది. అంటించిందంటే వారం దాకా ఊడదు. మా మేఘాలు ఆకాశంలో ఎక్కడో దెబ్బ తగిలి కట్టు కట్టించుకుని వచ్చినట్టు ఉండేవి.

అక్కది రోజంతా ఫోనులో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఇంట్లో ఆమె పని పర్యవేక్షణ. "ఆ ఆకుపచ్చ కాదు, ఈ ఆకుపచ్చ" అనడం, నిట్టూర్చడం.

పళ్ళ డాక్టరు మాకు ఏమీ కాడు. మూడు నెలల క్రితం, మా కుళాయి చప్పుడు పైకి వినిపిస్తోందని చెప్పడానికి వచ్చాడు. అప్పుడు మేము కాగితపు మొసలి చేస్తున్నాం. పళ్ళ దగ్గర ఆగిపోయాం. ఆయన ఒక నిమిషం చూసి, "జరగండి" అన్నాడు. అప్పటినుంచి మా మనిషే! దంతాలు చెక్కే సామాను పెట్టె పట్టుకుని ఆదివారం తొమ్మిదింటికల్లా దిగిపోతాడు.

ఇక సోఫా మీద కూర్చున్న ఆ ఐదేళ్ళది మా అక్క కూతురు. చూడ్డానికి గింజంత, నోరు విప్పితే మంట. అందుకని ఇంట్లో అందరం మిరియం అంటాం.

కిండర్‌గార్టెన్ వల్ల మనిషి బుద్ధి ఎంత పదునెక్కుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. "పాప వేలిముద్రలతో కోడిపిల్లలను తయారు చేయండి" అని ఒకసారి పంపారు. పసుపురంగులో వేలు ముంచి అద్దాలి. ఆ తరవాత ముక్కు, కాళ్ళు గీయాలి. అంతే.

అంతేనా? మిరియం వేలు ముంచితే రంగు గౌనుకి అంటుతుంది, గౌను నుంచి సోఫాకి అంటుతుంది, సోఫా నుంచి అక్క బీపీకి అంటుతుంది. అందుకని బావ వేలు వాడదామనుకున్నారు. బావ వేలితో అద్దితే కోడిపిల్ల కాదు, కోడి తయారైంది. బావ స్కేలు తెచ్చి ఇంట్లో అందరి వేళ్ళూ కొలిచాడు. అత్తయ్య చిటికెన వేలి కొస, కొంచెం పక్కకి వంచితే, ఐదేళ్ళ పిల్ల బొటనవేలికి మిల్లీమీటరు తేడాతో సరిపోయింది!

ఆ రోజు అత్తయ్య చిటికెన వేలితో నలభై కోడిపిల్లలు పుట్టాయి. మర్నాడు ఇంటికి స్టార్ వచ్చింది. "పాప వేళ్ళలో మంచి పట్టు ఉంది" అని మిస్ రాసిన చీటీని అత్తయ్య తన మాత్రల డబ్బాలో దాచుకుంది. నలభై ఏళ్ళ ఉద్యోగంలో తన వేళ్ళ గురించి ఎవరూ ఒక్క మంచి మాట రాయలేదట. పాఠకులారా, ఈ వయసులో ఆ తృప్తి ఇంకెవరివ్వగలరు?

నా బాల్యం గురించి తలుచుకుంటే మాత్రం ఏడుపొస్తుంది. మా ఊరి బడిలో ఐదు తరగతులకీ ఒకే టీచరు. మట్టితో ఏదన్నా చేసుకు రండిరా అంటే మేమే చేసుకుపోయేవాళ్ళం. నేను ఆవును చేస్తే బల్లిలా ఉండేది. మా అమ్మ ఒక్కసారన్నా నా ఆవు తీసుకుని కొమ్ములు సరిచెయ్యలేదు. మా నాన్న ఒక్కసారన్నా నా ఆవుకి కొలతలు తీయలేదు. ఇద్దరూ పొలం నుంచి వచ్చి చూసి, "ఇదేంటే, బల్లా?" అని నవ్వేసి వెళ్ళి కాళ్ళు కడుక్కునేవాళ్ళు. నేను "ఆవు!" అని అరిచేదాన్ని. ఆ బల్లుల్లాంటి ఆవులతోనే నా చదువంతా గడిచిపోయింది. ఎంత దురదృష్టవంతురాలినో చూడండి!

మళ్ళీ మట్టి ఆపిల్‌పండు సంగతికి వస్తాను. సోమవారం దాన్ని అట్టపెట్టెలో దూది పరిచి పంపించాం. అది ఎంత నున్నగా ఉందంటే, క్లాసులో ఎవడో కొరికాడట. సాయంత్రం మిస్ దగ్గర్నుంచి చీటీ వచ్చింది. "ఆపిల్‌పండు చాలా బాగుంది. పోయినవారం ఇంటి బొమ్మలో కూడా గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. పెద్దవాళ్ళు చేసినట్టుంది. దయచేసి పాప చేసినట్టు ఉండాలి."

అక్క మూడుసార్లు చదివింది. "ఏమండీ, దొరికిపోయాం" అంది.

"ఎక్కడ?"

"గీతలు తిన్నగా ఉన్నాయట."

బావ ముఖం చిన్నబోయింది. పద్దెనిమిదేళ్ళలో తిన్నగా గీశావని ఆయన్ను ఎవరూ తప్పుపట్టలేదు. కానీ మా బావ ఓడిపోయి కూర్చునే మనిషి కాదు. చీటీలో ఏముంది? పాప చేసినట్టు ఉండాలని ఉంది. అలాగే! పాప చేసినట్టు ఉండేలా తనే చేస్తాడు!

ఆ తరవాతి యాక్టివిటీ పేరు "మా కుటుంబం". బావ ఎడంచేత్తో పెన్సిల్ పట్టుకుని మూడు సాయంత్రాలు సాధన చేశాడు. మేమంతా చుట్టూ నిలబడ్డాం.

"ఇది చాలా?"

"ఇంకొంచెం వంకర పోవాలి."

"ఇప్పుడు?"

"అది వంకర కాదురా, వణుకు" అంది అత్తయ్య, కళ్ళజోడు పైకి తోసుకుని. "వణుకు ముసలివాళ్ళకొస్తుంది. పిల్లలది అలా ఉండదు. వాళ్ళ గీతకి ధైర్యం ఎక్కువ, దారి తక్కువ."

"అమ్మా, నువ్వు నర్సువా, ఆర్టు టీచరువా?"

"నేను చెప్పింది గియ్యి ముందు."

అప్పుడు సోఫా మీంచి మిరియం దిగి వచ్చింది. "నాన్నా, నేను గియ్యనా?"

"ఉండమ్మా, కదపకు. నాన్న కష్టపడి వంకరగా గీస్తున్నాడు!"

సరిగ్గా అదే సమయంలో అక్క ఏం చేస్తోందో తెలుసా? తడిగుడ్డ పెట్టి గోడ తుడుస్తోంది. ఆ గోడ మీద మిరియం క్రేయాన్‌తో గీసిన గీతలు పద్నాలుగు ఉన్నాయి. అన్నీ ధైర్యంగా, దారి లేకుండా ఉన్నాయి. అక్క వాటిని తుడుస్తూనే వెనక్కి తిరిగి, "ఏమండీ, ఇంకా సహజంగా రావట్లేదు" అంది.

నేను ఇటు చూశాను, అటు చూశాను. చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు.

"మా కుటుంబం" బొమ్మకి స్టార్ వచ్చింది. "ఈసారి పాప స్వయంగా గీసినట్టు తెలుస్తోంది" అని మిస్ రాసింది. బావ కళ్ళు చెమర్చాయి. ఎడంచేతి మణికట్టుకి అత్తయ్య కట్టు కట్టింది. గోడ మీద మిరియం పేరున ఉన్న చార్ట్‌లో ఇరవై ఆరో స్టార్ అంటించారు. ఏ వైపు నుంచి చూసినా మా ఇల్లు అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. ఇది వరం కాక మరేమిటి?

పది రోజుల తరవాత ఒక సర్క్యులర్ వచ్చింది.

"వచ్చే శుక్రవారం ఓపెన్ క్లాస్. పెద్దలందరూ రావచ్చు. మీ ఎదురుగా పిల్లలు, ఎవరి సాయమూ లేకుండా, కత్తెరతో ఒక గుండ్రం కత్తిరించి అంటిస్తారు. ఇంకా చేతులు సిద్ధం కాని పిల్లలు మరో ఏడాది ఇదే క్లాసులో ఉండటం వాళ్ళకే మంచిది."

అక్క దాన్ని పైకి చదివి బావ చేతికిచ్చింది.

"ఎవరి సాయమూ లేకుండా అంటే, మనం కూడానా?" అన్నాడు బావ.

"మనమేనండీ ఎవరి సాయమూ అంటే!" అంది అక్క.

మిరియాన్ని పిలిచి చేతికి కత్తెర ఇచ్చారు. పిల్లల కత్తెర, మొనలు గుండ్రంగా ఉండేది. ఇరవై ఆరు స్టార్ల విజేత దాన్ని రెండు చేతులతో, కుందేలును చెవులు పట్టి ఎత్తినట్టు ఎత్తి పట్టుకుంది. "ఇందులో వేళ్ళు ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

అత్తయ్య కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది.

మిరియం మాత్రం మమ్మల్ని పట్టించుకోలేదు. దానికి ఉన్న బెంగ ఒకటే. క్లాసులో దాని పక్కన బుడగ అని ఒక పిల్ల కూర్చుంటుంది. నిజంగా బుడగలా బుగ్గలున్న పిల్ల. బుడగకి కత్తెర వచ్చట. "బుడగ పెద్ద క్లాసుకి వెళ్ళిపోతే నేను ఎవరి పక్కన కూర్చోవాలి?" అంది మిరియం. దాని గొంతులో మంట లేదు. కింది పెదవి ముందుకొచ్చింది.

అక్క నా వైపు తిరిగింది. "చిన్నీ, నువ్వే నేర్పాలే. నీకు ఓపికెక్కువ."

"అవునోయ్ మరదలా" అన్నాడు బావ. "మాకు చెయ్యడం వచ్చు కానీ నేర్పడం రాదు."

ఇన్నాళ్ళకి నాకు మంచి రోజు వచ్చింది! నేను వాళ్ళలాంటిదాన్ని కాను కదా. బల్లుల్లాంటి ఆవులు చేసి పెరిగినదాన్ని. ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో నాకు తెలుసు.

సోమవారం వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలిసింది. మంగళవారం మిరియం పాత పేపర్లన్నీ సేమ్యాలా తరిగింది. ఆ తరవాత కొత్త పేపరు తరిగింది. అత్తయ్య శాలువా అంచుకు వేలాడే కుచ్చులు తరిగింది. కర్టెన్ కింద భాగం, మా కాలేజీ టైమ్‌టేబుల్‌లో గురువారం, డాక్టరుగారి బూటు లేసు కూడా అయిపోయాయి. కత్తెర తెరిచినప్పుడు దాని నోరు తెరుచుకునేది, మూసినప్పుడు మూసుకునేది. అంత సంతోషం నేను ఏ ముఖంలోనూ చూడలేదు.

బుధవారం బావ ఆఫీసు ప్లాను విప్పి చూసి, "ఇందులో బాత్‌రూమ్ ఏది?" అని కేకేశాడు.

"ఇదిగో నాన్నా, నా దగ్గరుంది" అని మిరియం జేబులోంచి తీసి ఇచ్చింది. నాలుగు గోడలూ పద్ధతిగా కత్తిరించి ఉంది.

"గదులు విడగొడుతోందంటే పట్టు చిక్కినట్టే" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నారంటారా? అత్తయ్య పక్కనే ట్రేలో స్పిరిటు, దూది, కట్టు గుడ్డ సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. కత్తెర కదిలినప్పుడల్లా అక్క ఊపిరి బిగబట్టేది, కత్తెర ఆగితే వదిలేది. బావ రెండు చేతులూ తన తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, వాటంతట అవి లేచొస్తాయని. పాపం, వాళ్ళను చూసి జాలేసింది. పిల్లను పిల్ల పని చేసుకోనివ్వడం ఇంత కష్టమా? నన్ను చూసి నేర్చుకోకూడదూ?

గురువారం గుండ్రం దగ్గరికొచ్చాం. మొదటిది కోడిగుడ్డులా వచ్చింది. రెండోది బూటులా వచ్చింది. మూడోదానికి నేను కొంచెం మణికట్టు దగ్గర పట్టుకున్నాను. ఊరికే, దారి చూపించడానికి.

"పిన్నీ, చెయ్యి తియ్యి."

"తీశానే."

"రెండు వేళ్ళున్నాయి."

అది వేరే సంగతి. ఆ రెండు వేళ్ళూ బోధనలో భాగం. బావ పట్టుకోవడం వేరు, నేను పట్టుకోవడం వేరు.

శుక్రవారం అందరం వెళ్ళాం. క్లాసులో కుర్చీలు మోకాలెత్తు కూడా లేవు. వాటి మీద ముప్ఫైమంది పెద్దవాళ్ళు, మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. వాళ్ళ మాటలు వింటే నా వాదం ఎంత నిజమో తెలిసింది. బుడగ వాళ్ళ నాన్న మెకానిక్కట, మా బావతో, "మీరు గొంగళిపురుగుకి ఏ స్ప్రింగు వాడారండీ?" అని అడిగాడు. వెనక ఒక తాతగారు తన మట్టి ఏనుగు గురించి, తొండం ఎన్నిసార్లు విరిగిందో, కన్నీళ్ళతో చెబుతున్నాడు. అందరూ ఒకే బ్యాచ్ వాళ్ళు!

మిస్ కాగితాలు పంచింది. పిల్లలు కత్తెరలు అందుకున్నారు. అంతే, ముప్ఫైమంది పెద్దలూ ముందుకు వంగారు. ఒకాయన పెదవులు కదుపుతున్నాడు. ఒకావిడ గాలిలో వేళ్ళు ఆడిస్తోంది. తాతగారి చెయ్యి అప్పటికే మనవడి భుజం దాటి కాగితం దాకా వెళ్ళింది.

"పెద్దలు దయచేసి వరండాలోకి వెళ్ళండి" అంది మిస్.

ఎవరూ కదల్లేదు.

"పెద్దలంటే మీరేనండీ."

వరండాలోకి వచ్చి తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డాం. తోపులాటలో నేను ముందుకొచ్చాను. ఎలా వచ్చానో నాకే తెలియదు. రోజూ బస్సులో కూడా అందరికన్నా వెనక ఉండేదాన్ని.

మిరియం మొదలుపెట్టింది. సగం దాకా బాగానే వెళ్ళింది. అక్కడ ఆగింది. కత్తెర కాగితంలో ఇరుక్కుంది. అక్క నా భుజం గిల్లింది. బావ కళ్ళు మూసుకున్నాడు. బుడగ తన గుండ్రం ఎప్పుడో పూర్తిచేసి, చేతులు కట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. సాయం చెయ్యకుండా ఊరికే చూస్తోంది. ఐదేళ్ళ పిల్లకి అంత నిగ్రహం ఎక్కడిదో! మిరియం కత్తెర బయటికి లాగింది, ముక్కు చీదింది, అవతలి వైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. నాలుక బయట పెట్టి, చుట్టూ వచ్చి, రెండు దారులనూ కలిపేసింది.

గుండ్రం ఊడి బల్ల మీద పడింది. అది గుండ్రమే. కాకపోతే రెండు దారులూ కలిసిన చోట చెవిలాంటి ముక్క ఒకటి మిగిలిపోయింది.

మిస్ దాన్ని పైకెత్తి చూసింది. "ఇది ఎవరు కత్తిరించారు?"

"నేను."

"నీ చెయ్యి ఎవరన్నా పట్టుకున్నారా?"

"ఎవ్వరూ పట్టుకోలేదు. నేనే, నేనే!"

"సరే. వచ్చే ఏడాది పెద్ద క్లాసు" అని మిస్ పుస్తకంలో టిక్కు పెట్టింది. బుడగ తన కుర్చీని మిరియం కుర్చీకి తగిలేదాకా జరుపుకుంది.

వరండాలో అక్క ఏడ్చేసింది. బావ ఆనందం పట్టలేక మెకానిక్కును కౌగిలించుకున్నాడు. అత్తయ్య ట్రే కింద పెట్టింది. అవునండీ, ట్రే తెచ్చింది.

ఇప్పుడు అసలు మాట చెప్పేయాలి. ఇంతసేపూ వరం, వరం అన్నాను కానీ, మీరు తెలివైనవాళ్ళు, కనిపెట్టే ఉంటారు. పిల్లల చేతుల్లో పని లాక్కోవడం ఒక జబ్బు. ఆ జబ్బు అక్కకుంది, బావకుంది, అత్తయ్యకుంది. వరండాలో ఉన్న ముప్ఫైమందికీ ఉంది. వాళ్ళందరి మధ్యా ఆ జబ్బు లేని మనిషిని నేనొక్కదాన్నే.

అంటూ ఇక్కడితో ముగించేదాన్నే. కానీ ఆ చెవి!

పిల్లలు తమ గుండ్రాలకు జిగురు రాసుకుంటున్నారు. ఇంకాసేపట్లో అవి గోడకెక్కుతాయి. ఏడాదంతా అక్కడే ఉంటాయి. అంత చక్కటి గుండ్రానికి ఆ చెవి ఎందుకు? ఒక్క కత్తెర వేస్తే పోతుంది. ఒక్కటంటే ఒక్కటి. గడప అవతల నా కాలుంది. ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. "మిరియం, ఇలా రావే" అని పిలిచాను. అంతమందిలో, అంత గట్టిగా! నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మిరియం గుండ్రం పట్టుకుని తలుపు దాకా వచ్చింది. "ఏంటి పిన్నీ?"

"ఏం లేదురా. ఇలా ఇవ్వు. ఆ చెవి ఒక్కటీ తీసేసి ఇచ్చేస్తాను."

మిరియం గుండ్రాన్ని వీపు వెనక దాచుకుంది. చాచి ఉన్న నా చేతిని ఒకసారి చూసింది. గడప దాటిన నా కాలిని చూసింది.

"కాలు తియ్యి పిన్నీ" అంది.

తీశాను. అది వీపుతో తలుపును నెట్టి మూసేసింది.